శ్రుతి ఎవరిది?

సంగీతమును గూర్చి వ్రాయువారికి తెలుగునాట ఎన్నడును కొదువ లేదు. ఒక విద్వాంసుడు కచేరీలో తోడిని ఎంతసేపు ఆలపించెనో, ఏ కీర్తనలో ఏ సంగతిని జారవిడిచెనో, మృదంగము గాత్రమును మించెనో లేదో, ఇవి యెల్ల మన పత్రికలు తూచి చెప్పినవి. వాగ్గేయకారుల రచనలకు వ్యాఖ్యానములు, రాగలక్షణములపై వాదప్రతివాదములు, పాఠాంతరములపై పంతములు కావలసినన్ని గలవు. కాని యాభై మంది పిల్లలు కూర్చున్న తరగతి గదిలో, ముప్పది అయిదు నిమిషముల వ్యవధిలో, ఒక హార్మోనియముతో ఒక ఉపాధ్యాయుడు చెప్పిన పాట పాఠమును గూర్చి, అది బాగున్నదని గాని బాగులేదని గాని కారణములు చూపి వ్రాసిన విమర్శను మన పత్రికలలో ఎంత వెదకినను కనబడుట అరుదు. సంగీత విమర్శ సభామందిరపు గడప దాటి బడి గడప తొక్కలేదు.

పాఠశాల సంగీతోపాధ్యాయునికి గల చిన్నచూపునకు కారణములడిగిన జీతమందురు, ఖాళీలు నింపకుండుట యందురు, పరీక్షలో మార్కులు లేకుండుట యందురు. అవి యన్నియు నిజములే. వానికి వెనుక మరియొకటి కలదని మా అభిప్రాయము. అతని పనిని ఒక పనిగా చూచి మంచిచెడ్డలు విచారించువారు లేరు. కచేరీ చేయలేక బడిలో చేరినవాడని కొందరు, పంద్రాగస్టుకు పాట నేర్పుటకు పనికివచ్చువాడని కొందరు తలంతురు. ఈ రెండు తలంపులలోను పాఠము చెప్పు మనిషి కనబడడు. మేమును చాలకాలము అట్లే తలచినవారము. మా కన్ను తెరపించినది ఉమ్రి ప్రాంతమున జరిగిన ఒక చిన్న సంగతి.

సికింద్రాబాదునుండి నిజామాబాదు మీదుగా మన్మాడు పోవు రైలుమార్గమున బాసర, ధర్మాబాదు దాటిన పిమ్మట, ముద్ఖేడు చేరకమునుపు వచ్చు ఊరు ఉమ్రి. నేడది మహారాష్ట్రములోని నాందేడు జిల్లాలో తాలూకా కేంద్రము. 1948 జనవరిలో, నిజాము పాలనపై పోరాడుచున్న స్వాతంత్ర్యవీరులు ఇచటి బ్యాంకుపై దాడి చేసి ఆ ధనమును ఉద్యమమునకై గొనిపోయిన ఘట్టము వలన చరిత్ర గ్రంథములలో ఈ యూరికి చోటు దొరికినది. 1956 నవంబరు వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. పిమ్మట బొంబాయి రాష్ట్రమునకు, 1960 మే 1 నుండి మహారాష్ట్రమునకు చెందినది. సరిహద్దులు జరిగినవి గాని ఇండ్లలోని భాషలు జరుగలేదు. ఈ ప్రాంతమున ఇంట తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ ఉర్దూ మాటలాడు పిల్లలు ఇప్పటికిని కలరు. మూడు భాషలలోను తప్పులు లేకుండ తిట్టగల పిల్లలను మేమచట చూచితిమి. అది వేరు సంగతి.

ఆ ప్రాంతమున ఒక బాలల గీతపోటీకి మమ్ము న్యాయనిర్ణేతలుగ పిలిచిరి. ఏ పాఠశాల, ఏ సంవత్సరమన్నది ఇచట అప్రస్తుతము. జరిగిన పొరపాటు పాఠశాలది కాదు, మాది. పన్నెండు మంది పిల్లలు రెండు వరుసలుగ నిలిచి ఒక దేశభక్తిగీతమును పాడిరి. ఉపాధ్యాయుడు హార్మోనియము ముందు కూర్చుండి, తాను ముందు పాడుచు వారిచే పాడించెను. అతని గళము నిండైనది, సాధన యెరిగినది. పిల్లలు మాత్రము పల్లవిని గొణిగి, పాట పైస్థాయి కెక్కునప్పటికి కేకలు వేసిరి. వెనుక వరుసలో ఒక బాలిక పెదవులు కదల్చుచుండెనే గాని ఆమెనుండి ధ్వని రాకుండెను. మేము అలవాటు చొప్పున శ్రుతికి ఇన్ని, లయకు ఇన్ని, ఉచ్చారణకు ఇన్ని అని మార్కులు వేసి, పిల్లలకు శ్రుతిజ్ఞానము చాలదని అభిప్రాయము వ్రాసి సంతకము చేసితిమి. ఆ బాలికను గూర్చి అడుగగా, ఆమెకు పాట రాదనియు, వరుస నిండుటకై నిలిపితిమనియు, పెదవి కదిపిన చాలునని చెప్పితిమనియు అచటివారు తెలిపిరి.

బహుమతి ప్రదానమునకు ఇంకను వేళయున్నది. వెలుపల వేపచెట్టు క్రింద నలుగురైదుగురు ఆడపిల్లలు గుండ్రముగ తిరుగుచు, చప్పట్లు చరచుచు బతుకమ్మ పాట పాడుకొనుచుండిరి. ముందు చెప్పునది ఆ వెనుక వరుస బాలికయే. కంఠము కంచువలె మ్రోగుచున్నది. శ్రుతి ఎచటను జారలేదు. మాలో ఒకరు కుతూహలముతో లోపలికి పోయి హార్మోనియముపై ఆ పాటయొక్క ఆధార షడ్జమును వెదకిరి. అది ఐదవ తెల్లమెట్టు. సభలో పాట సాగినది మొదటి తెల్లమెట్టుపై.

సంగీతము తెలిసిన చదువరులకు ఇంతకు మించి చెప్పనక్కర లేదు. తెలియనివారి కొరకు చెప్పెదము. పెద్దవయసు పురుషులు సాధారణముగ ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులలో పాడుదురు. స్త్రీలకు, పిల్లలకు ఐదు, ఐదున్నర, ఆరు శ్రుతులు హాయిగ నుండును. ఉపాధ్యాయుడు తన గొంతునకు తగిన ఒకటి శ్రుతిని పట్టి పాడినచో, అతని మధ్యస్థాయి పిల్లలకు క్రిందికి జారును. అచట వారి గొంతు గాలియై పోవును. అందుకొని పైస్థాయిలో పాడబోయినచో అది కేకయగును. ధైర్యము గల పిల్లలు కేక వేయుదురు. సిగ్గరులు నోరు మూసికొందురు. మనము మొదటివారిని అపశ్రుతి యందుము, రెండవవారిని పాటరానివారందుము. ఇందు పిల్లల తప్పేమి? నాలుగు గాని ఐదు గాని శ్రుతి పెట్టి, తన గొంతుతో క్రింది స్థాయిలో చూపుచు, మెట్లపై పిల్లల స్థాయిని వినిపించినచో ఆ పన్నెండుగురును పాడగలిగెడివారు. ఇది పెద్ద రహస్యము కాదు. కాని న్యాయనిర్ణేతలమై కూర్చున్న మాకే స్ఫురింపలేదు.

ఉపాధ్యాయునితో ఈ మాట మెల్లగ ముచ్చటించితిమి. ఆయన కొంతసేపు మిన్నకుండి, “పరీక్షలో నా శ్రుతిని నేనే పెట్టుకొని పాడిన సార్. పిల్లల శ్రుతి ఏదని నన్ను ఎవ్వరూ అడుగలేదు” అనెను. ఈ వ్యాసమంతయు ఆ మాటకు వ్యాఖ్యానము.

ఆయన వ్రాసిన పరీక్షల పుట్టుక ఎరిగినవారికి ఈ సమాధానము వింతగ తోచదు. 1901 మే 5వ తేదీన లాహోరులో విష్ణు దిగంబర పలుస్కరు గాంధర్వ మహావిద్యాలయమును స్థాపించెను. రాజాస్థానముల నీడనుండి సంగీతవిద్యను సామాన్యుల వాకిటికి తెచ్చిన మహనీయుడాయన. ఆయన పరంపరలో 1931లో ఏర్పడిన అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలము ప్రారంభిక, ప్రవేశిక, మధ్యమ, విశారద, అలంకారమను పరీక్షల సోపానమును దేశమంతట పరచినది. మహారాష్ట్రమున బడిలో సంగీతము చెప్పువారు ఎందరో ఈ సోపానము ఎక్కి వచ్చినవారే. విష్ణు నారాయణ భాత్‌ఖండే 1916లో బరోడాలో అఖిల భారత సంగీత సమావేశమును జరిపించి, 1926లో లక్నోలో మారిస్ కళాశాల ఏర్పడుటకు కారకుడై, క్రమిక పుస్తకమాలికయను పేర ఆరు భాగములలో వందలాది రచనలను స్వరలిపితో ముద్రించెను. ఈ ఇరువురి ఋణము తీరునది కాదు. మారుమూల ఊరిలో గురువు దొరకని బాలునికి పుస్తకము దొరికినది. గురువు పేరు చెప్పి దాటవేయు వీలులేని పరీక్ష దొరికినది.

ఐనను విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఈ సోపానము ఎవరిని తయారుచేయుటకు కట్టబడినది? ఏకాకిగ కూర్చుండి తన శ్రుతిలో రాగమును విస్తరించు గాయకుని. పైమెట్టునకు పోయినకొద్ది రాగములు పెరుగును, తానములు పెరుగును, తాళములు పెరుగును. పాఠము చెప్పు నేర్పు పెరుగవలెనన్న నిర్బంధము ఆ సోపానపు కట్టుబడిలో లేదు. అభ్యర్థి అలంకారుడై దిగివచ్చి ఆరవ తరగతి పిల్లల ముందు నిలుచును. అప్పుడతడు యమనును ఎట్లు పాడవలెనో ఎరుగును; గొంతు పగులుచున్న పదమూడేండ్ల బాలునికి ఏ స్వరము వరకు పాట పెట్టవలెనో ఎరుగడు. ఆ బాలుడు రెండు మాసములలో సంగీతమును అసహ్యించుకొనును. లోపము అభ్యర్థిది కాదు. ఈతగాండ్ర పందెములో గెలిచినవానిని పడవ నడుపుమన్నట్లు చేసినాము.

తెలుగునాట స్థితి దీనికి భిన్నమని గర్వింప వీలులేదు. మన ప్రభుత్వ సంగీత కళాశాలలలో నాలుగేండ్ల సర్టిఫికెట్టు, రెండేండ్ల డిప్లొమా చదువు చిరకాలముగ నడచినవి. సరళీస్వరములు, జంటలు, అలంకారములు, గీతములు, స్వరజతులు, వర్ణములు, కృతులు: ఈ క్రమము పురందరదాసుని నాటినుండి వచ్చినదని ప్రతీతి. ఇంత చక్కగ మెట్లుకట్టిన అభ్యాసక్రమము ప్రపంచమున మరియెచటనైన కలదా అని మేము సందేహించుచున్నాము. కాని అది గురువు ఎదుట ఒకరో ఇద్దరో కూర్చున్న కాలపు క్రమము. మాయామాళవగౌళను మొదట నేర్పుటకు పెద్దలు చెప్పిన కారణములు బలమైనవే: పూర్వాంగ ఉత్తరాంగములు ఒకే పోలికవి, మిక్కిలి దగ్గరి స్వరములును దూరపు స్వరములును ఒకే రాగమున అలవడును. ఒకని గొంతును చెవియొగ్గి దిద్దువారికి ఇది మేలు. యాభై గొంతులు కలిసిన చోట శుద్ధ రిషభమునుండి అంతర గాంధారమునకు దూకుటలో సగము తరగతి త్రోవ తప్పును. ఎవరు తప్పిరో గురువునకు వినబడదు. హిందుస్థానీవారు బిలావలుతో, అనగా మన శంకరాభరణపు స్వరములతో ఆరంభింతురు. గుంపునకు అది సులువు. ఉమ్రిలోని తెలుగు బిడ్డకు బడిలో బిలావలు. అవ్వగారింటికి నిజామాబాదు పోయి సెలవులలో సంగీతము నేర్చుకొన్నచో మాయామాళవగౌళ. ఈ రెండింటికిని ముందే ఆ బిడ్డ చెవిలో మూడవదొకటి ఉన్నదని ఇరుపక్షములవారును మరచిరి.

ఆ మూడవది ఇంటిపాట. బతుకమ్మ పాటను విమర్శకుని చెవితో వినవలెను. నాలుగైదు స్వరముల మేర. ఒకరు ముందు చెప్పుట, అందరు అందుకొనుట. అడుగు, చప్పట్లు తాళమును పట్టియుంచుట. ఎవరి గొంతునకు వీలైన శ్రుతిని వారే ముందు పట్టుట. బోధనశాస్త్ర పండితులు కూర్చుండి కల్పించినను ఇంతకన్న మంచి ప్రథమపాఠము పుట్టదు. అదే ఆశ్వయుజమున మహారాష్ట్రపు ఆడపిల్లలు ఏనుగు బొమ్మ నడుమ నుంచి చుట్టును తిరుగుచు భోండ్లా పాటలు పాడుదురు. దీనినే కొన్నిచోట్ల హాద్‌గా యందురు. నడుమ పూలు పేర్చిన బతుకమ్మయున్నను, పీటపై ఏనుగున్నను, వలయము ఒక్కటే, ఋతువు ఒక్కటే, పిల్లల వయసు ఒక్కటే. ఉమ్రి వంటి ఊరిలో ఒక సంగీతోపాధ్యాయుడు ఒకనాడు తెలుగు పిల్లను, మరునాడు మరాఠీ పిల్లను ముందు చెప్పుమని నిలిపి, మిగిలినవారిచే అందుకొనజేసినచో, భాష రానివారును పల్లవి అందుకొందురు. తరువాత ఆ పాటలోని నాలుగు స్వరములకు పేర్లు చెప్పవచ్చును. పేరు తరువాత, పాట ముందు. పైగా ఆ జిల్లా సంగీతమునకు పేదది కాదు. అభంగములు పాడు వారకరీలు, నాందేడు గురుద్వారమున శబద కీర్తనము, అందు నామదేవుని పదములు, ఇవన్నియు పిల్లల చెవిసోకు దూరముననే ఉన్నవి. పాఠ్యక్రమము మాత్రము ఇవేవియు లేని ఊరికి వ్రాసినట్లుండును.

ఇది మన ఊహమాత్రము కాదు. హంగేరీ దేశమున జోల్తాన్ కొడాయి యను స్వరకర్త తన దేశపు పల్లెపాటలను ఊరూర సేకరించి, వానినే బడిపాఠములకు పునాది చేసెను. 1950లో కెచ్‌కెమెట్ అను ఊరిలో నిత్యము పాట నేర్పు ప్రాథమిక పాఠశాల ఆ మార్గమున వెలసినది. రాజధానిలోని నాటకశాల అధికారి ఎవరన్న దానికన్న ఒక చిన్న ఊరి బడిలో పాట చెప్పువాడు ఎవరన్నది ముఖ్యమని ఆయన వాదించెడివాడు. చేతకాని అధికారిని తొలగింపవచ్చును గాని, చేతకాని ఉపాధ్యాయుడు ఏండ్ల తరబడి పిల్లలలో పాటపై ప్రేమను చంపునని దాని తాత్పర్యము. ఆయన చెప్పిన ఆ చిన్న ఊరి పేరు కిష్వార్ద. దానిని తీసివేసి ఉమ్రి యని వ్రాసికొన్నను వాదము చెడదు.

మనలో ఈ విషయము తలంచినవారు లేకపోలేదు. బిట్రగుంటలో 1901లో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయమున సంగీతశాఖను తీర్చిన ఆచార్య పి. సాంబమూర్తి సంగీతబోధనమును గూర్చియే ప్రత్యేకముగ ఒక గ్రంథము వ్రాసినారు. సంగీతము పాడుట వేరు, చెప్పుట వేరు అని గుర్తించి చెప్పుటకు ఒక శాస్త్రము కావలెనన్నవారాయన. ఆయన లక్షణగ్రంథములు పరీక్షార్థుల చేతులలో నలిగినంతగ ఆ బోధనగ్రంథము నలుగలేదు. కారణము స్పష్టమే: పరీక్షలో దానినుండి ప్రశ్న రాదు.

మదనపల్లెలో 1919 ఫిబ్రవరిలో జరిగినదానిని ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ ఠాకూరు తన గీతమును విద్యార్థుల ఎదుట పాడెను. అచటి ప్రధానాచార్యులైన జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతమున పట్టభద్రురాలు. ఆమె ఆ గీతపు బాణీని కవితో కూర్చుండి స్వరలిపిలో వ్రాసినది. గీతము ఆ కళాశాలకు ప్రార్థనాగీతమైనది. అదే నేడు మన జాతీయగీతమైన జనగణమన. ఈ కథను మనము సభలలో ఎన్నోమార్లు చెప్పుకొందుము. చెప్పునపుడు కవిని కొనియాడుదుము, ఊరిని కొనియాడుదుము. శ్రద్ధగ విని, పదిమంది కలిసి పాడుటకు వీలుగ వ్రాసిపెట్టినది సంగీతము చదివిన చెవి యన్న అంశమును మాత్రము జారవిడుతుము. విద్యాలయమున సంగీతజ్ఞునితో ఏమి పని యని అడుగువారికి ఇంతకన్న ప్రత్యుత్తరము మా యొద్ద లేదు.

పాటరాదని వెనుక వరుసలో నిలిపిన బాలికనుండి మరియొక ప్రశ్న పుట్టును. తరగతిలో చోటు ఎవరికి? దీనికి తెలుగువారి చరిత్రలోనే గొప్ప సమాధానమున్నది. విజయనగరమున 1919లో మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాలను స్థాపించుటకు ప్రేరణ, ఆస్థానమునకు చెందిన చాగంటి జోగారావుగారి అంధకుమారునికి సంగీతము చెప్పింపవలెనను తలంపని ప్రసిద్ధి. ఒక అంధబాలుని నిమిత్తమై తెరచిన తలుపుగుండ ఎందరు విద్వాంసులు వచ్చిరో లోకమెరుగును. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు. చూపు మందమగుటచే బడిచదువునకు దూరమైన ద్వారం వెంకటస్వామినాయుడు అచట వయొలిను ఆచార్యుడై, 1936లో అధ్యక్షుడై, 1941లో సంగీత కళానిధియై వెలసెను. కన్నడదేశమున గదగు వీరేశ్వర పుణ్యాశ్రమమున పంచాక్షర గవాయి, ఆయన పిమ్మట పుట్టరాజ గవాయి, ఇరువురును అంధులు, అంధబాలురకు హిందుస్థానీ కర్ణాటక పద్ధతులు రెండును నేర్పి బ్రతుకుతెరువు చూపిరి. మందికి తగినట్లు పాఠము మార్చవలెను గాని పాఠమునకు తగినట్లు మందిని ఏరుట కాదని ఈ సంస్థలు ఆచరించి చూపినవి. మన సాధారణ పాఠశాల ఇంకను ఏరుచునే యున్నది. వార్షికోత్సవమునకు పన్నెండుగురిని ఏరి, తక్కిన నలువది మందిని వినుమనును.

ఏరుట పిల్లలతో ఆగదు. ఉపాధ్యాయులలోను కలదు. ఇరువదవ శతాబ్దపు సంస్కరణోద్యమము సంగీతమునకు గృహస్థుల ఇండ్లలో గౌరవము తెచ్చినది. ఆ గౌరవము కొరకు తరతరములుగ విద్యను నిలిపిన కళావంతులను, సన్నాయి కుటుంబములను, పల్లెకథకులను వెలుపల నిలిపినది. నిజామాబాదు జిల్లా చిందు భాగవతమునకు పేరుతెచ్చిన చిందుల ఎల్లమ్మ వంటివారు ఆజన్మాంతము పాడియాడి ప్రజలకు పురాణములు నేర్పిరి. మన లెక్క ప్రకారము అట్టివారు ఉపాధ్యాయులు కారు, ఏలన వారి చేతిలో ప్రమాణపత్రము లేదు. 2020 జాతీయ విద్యావిధానము స్థానిక కళాకారులను, నిపుణులను బడికి బోధకులుగ పిలువవచ్చునన్నది. మేము దీనిని ఆహ్వానించుచున్నాము, ఒక భయముతో. ఒగ్గుకథకుడు బడికి వచ్చి పిల్లల ఎదుట డోలు మ్రోగించుట శుభము. అతనికి దినకూలి ఇచ్చి పంపి, సంగీతోపాధ్యాయుని ఖాళీ నింపితిమని లెక్క వ్రాసికొనుట శుభము కాదు. అతడు వచ్చిన నాడు ప్రక్కన కూర్చుండి, ఆ పాటను పిల్లల శ్రుతికి మార్చి మరునాడు అందుకొనగల స్థిరోపాధ్యాయుడు ఉండవలెను. అప్పుడే ఇరువురికిని గౌరవము.

ఇక చట్టమేమనుచున్నదో చూతము. 2009 విద్యాహక్కు చట్టపు అనుబంధమున ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతి వరకు గల బడులలో, పిల్లల సంఖ్య నూరు దాటినచో కళావిద్యకు పాక్షిక కాలపు బోధకుడు ఉండవలెనని యున్నది. కళావిద్య యన్నచో చిత్రలేఖనము కావచ్చును, సంగీతము కావచ్చును. ఏదియైనను బోధకుడు పూర్తికాలపువాడు కానక్కరలేదు. తొంబది మంది పిల్లలున్న పల్లెబడికి అదియు అక్కరలేదు. నవోదయ విద్యాలయములలో సంగీతోపాధ్యాయునికి స్థిరమైన పదవియున్నది, మంచిదే. కాని నియామక ప్రకటనలలో అతనిని చేర్చిన పట్టిక పేరు ‘మిసలేనియస్’. చిత్రలేఖనము, వ్యాయామము, గ్రంథాలయము ఆ పట్టికలోనివే. కేంద్రీయ విద్యాలయములలో అతడు ప్రాథమికోపాధ్యాయ శ్రేణిలోనివాడు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కళలను పదవ తరగతివరకు పాఠ్యవిషయముగ చూడుమన్నది. 2020 విధానము పాఠ్యము, పాఠ్యేతరమను గోడ వలదన్నది. విధానపత్రము గోడ పడగొట్టినది. పట్టిక ఇంకను గోడకు అవతలనే వ్రాయబడుచున్నది.

ఈ స్థితిలో అతని ఎదుగుదల యన్నదానికి అర్థమేమి? గణితోపాధ్యాయుడు తోటి గణితోపాధ్యాయునితో సాయంకాలము ఒక లెక్కను గూర్చి తగవులాడును. అదియే అతనికి శిక్షణ. సంగీతోపాధ్యాయుడు బడికి ఒక్కడు, తాలూకాలో ముగ్గురో నలుగురో. అతని పాఠమును విని “అయ్యా, ఇచట శ్రుతి ఎక్కువైనది” అనువాడు దొరకడు. తనిఖీకి వచ్చిన అధికారి స్వాగతగీతము విని తలయూపి పోవును. ఆ తలయూపుట వలన ఒక ఉపాధ్యాయుడు ఇరువది యేండ్లలో ఒక్క మెట్టును ఎక్కడు. వేసవి శిక్షణలో అతనిని భాషోపాధ్యాయులతో కలిపి కూర్చుండబెట్టి, చివరినాడు ప్రార్థన పాడింతురు. శిక్షణ పొందవచ్చినవాడు వినోదము కల్పించి పోవుచున్నాడు.

మేము కోరునది చిన్నది. ప్రభుత్వమును అడుగవలసినది ప్రభుత్వమును అడుగుదము: నూరు మంది యను గీటు తీసివేయుమని, పాక్షిక కాలమను మాట తీసివేయుమని, సంగీత పరీక్షలలో పిల్లల ఎదుట పాఠము చెప్పు భాగమొకటి చేర్చుమని. అవి జరుగుటకు కాలము పట్టును. ఆలోగా మా వంటి సంఘములు చేయగలవి లేకపోలేదు. బాసర, ధర్మాబాదు, ఉమ్రి, ముద్ఖేడు ఒకే రైలుదారిలో ఉన్నవి. ఈ దారిన గల సంగీతోపాధ్యాయులు, తెలుగువారు గాని మరాఠీవారు గాని, మాసమునకు ఒక ఆదివారము ఒకచోట కలిసి, ఒకరు పదిమంది పిల్లలకు పాఠము చెప్పగా తక్కినవారు విని విమర్శించుటకు కావలసినవి ఒక గది, ఒక హార్మోనియము, ప్రయాణపు ఖర్చు. మా సంఘములు దసరా సభలకు పందిళ్ళపై పెట్టు వ్యయములో ఇది ఎన్నవ వంతో కోశాధికారులు చెప్పవలెను.

పోటీలను గూర్చియు ఒక మాట. ఆనాటి మార్కుల పట్టికను మేము తిరిగి చూచుకొంటిమి. అందు శ్రుతి, లయ, ఉచ్చారణ, వేషధారణ ఉన్నవి. ఎంతమంది పిల్లలు నిజముగ పాడిరను గడి లేదు. పాటను ఏ శ్రుతికి పెట్టిరను గడి లేదు. నేర్పిన ఉపాధ్యాయుని పేరు వ్రాయుటకు చోటు లేదు. తరువాత మేము న్యాయనిర్ణేతలుగ పోయిన చోటులందెల్ల ఈ మూడు గడులను చేతితో గీసికొని కూర్చుండుచున్నాము. నిర్వాహకులు మొదట విసుగుకొనిరి. ఒకచోట మాత్రము ఒక ఉపాధ్యాయురాలు పోటీకి ముందు మా యొద్దకు వచ్చి పట్టికను చూచి, ఏమియు అనక, తిరిగి పోయి హార్మోనియముపై తన చేతిని కుడివైపునకు నాలుగు మెట్లు జరిపినది. వెనుక వరుసలోని పిల్లలు తలలెత్తిరి.